ఫ్రిజ్ నాడి పట్టే మామయ్య

మా మామయ్య ఎవరింటికి వెళ్లినా ముందు ఫ్రిజ్‌ని పలకరించేవాడు. మనుషుల వంతు ఆ తర్వాత.

తలుపు తీసినవాళ్లు "రండి" అనేలోపే వాళ్ల భుజం పక్కనుంచి జారుకుని వంటింట్లో తేలేవాడు. ఫ్రిజ్ ఒంటికి అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేవాడు. తర్వాత చెవి ఆనించేవాడు. చివరికి జేబులోంచి ఓ కాగితం ముక్క తీసి, తలుపు సందులో పెట్టి మూసి, మెల్లిగా లాగేవాడు. కాగితం బిగుసుకుంటే మొహం విప్పారేది. సుళువుగా జారి చేతికొచ్చిందో, ఎక్స్‌రే చూసిన డాక్టరులా పెదవి విరిచేవాడు. "రబ్బరు వదులైంది. చలువంతా బయటికి పోతోంది. మీరు వంటింటికి చలికాలం తెప్పిస్తున్నారు" అనేవాడు. అప్పుడు ఇంటివాళ్ల వైపు తిరిగి, "బాగున్నారా?"

వీధిలో ఆయనకి నాడీ వైద్యుడని పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు గానీ ఆయన బిరుదు కిందే పుచ్చుకున్నాడు.

ఇప్పటి ఫ్రిజ్‌లకి నోరు లేదు. ఉన్నాయో లేవో కూడా తెలియదు. అప్పటివి అలా కాదు. ఇంట్లో ఒక పెద్దమనిషిలా ఉండేవి. గుర్రు పెట్టేవి, ఉన్నట్టుండి ఉలిక్కిపడేవి, ఒళ్లు విరుచుకుని ఊరుకునేవి. మామయ్య ఆ చప్పుళ్లన్నీ గుర్తుపట్టేవాడు. గోడ అవతలి ఇంట్లో ఫ్రిజ్ గుర్రు మారితే ఇవతల భోజనం చేస్తున్నవాడు ముద్ద ఆపి, "దానికి ఒంట్లో బాగాలేదు" అనేవాడు.

ఉద్యోగం కరెంటాఫీసులో. అక్కడ పొదుపు విభాగమని ఒకటుండేది. విభాగమంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ, మా మామయ్య. బిల్లు ఎక్కువొచ్చిందని తిట్టడానికి వచ్చినవాళ్లు పక్క కిటికీ దగ్గర తిట్టడం పూర్తిచేసుకుని, ఈయన బల్ల దగ్గర ఊపిరి తీసుకునేవాళ్లు. కరెంటు అమ్మే కంపెనీలో కూర్చుని కరెంటు వాడొద్దని చెప్పేవాడు ఆయనొక్కడే. మిఠాయి కొట్లో కూర్చుని షుగరు జబ్బు గురించి చెప్పేవాడని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆయన దాన్నీ బిరుదు కిందే జమ వేసుకున్నాడు.

ఒకసారి వాళ్ల మేనేజరు గారి తండ్రి పోయారు. పరామర్శకి వెళుతూ, ఇవాళ్టికి వంటింటి వైపు చూడొద్దని అత్తయ్య దారి పొడుగునా చెబుతూనే ఉంది. ఆయన బుద్ధిగా తలూపాడు. లోపలికెళ్లాక జనంలో తప్పిపోయాడు. కాసేపటికి చూస్తే వంటింట్లో ఫ్రిజ్ మీద తలవాల్చి, కళ్లు మూసుకుని, దాని ఒంటి మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. మేనేజరు గారి చెల్లెలు అది చూసి కదిలిపోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"ఊరుకోండి అన్నయ్యగారూ. నిండు వయసు. సుఖంగానే వెళ్లిపోయారు."

"ఎక్కడి సుఖమమ్మా, ఆయాసంతో కొట్టుకుంటుంటే" అన్నాడు మామయ్య, కళ్లు తెరవకుండానే.

"ఎవరండీ?"

"కంప్రెసరు. తీసుకెళ్లి గోడకి ఆనించేశారు. వీపుకి గాలాడటం లేదు పాపం."

ఇంకొకరైతే ఉద్యోగం ఊడేది. మేనేజరు గారు అన్ని బాధల్లోనూ ఫ్రిజ్‌ని జానెడు ముందుకి జరిపించారు. తర్వాత అది చప్పుడు తగ్గించిందని ఆయనే చెప్పారట. తాను చేసిన పరామర్శల్లోకెల్లా ఉపయోగపడ్డది అదేనని మామయ్య చెప్పుకునేవాడు. అత్తయ్య మాత్రం ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు.

నాకు ఉద్యోగమొచ్చి ఆ ఊరు చేరినప్పుడు వాళ్లింట్లోనే దిగాను. మొదటిరోజే చట్టం చదివి వినిపించాడు: ముందు ఆలోచించు, తర్వాత తలుపు తియ్యి. తలుపు తీసి ఆలోచించకూడదు. ఎండనపడి వచ్చి ఫ్రిజ్ పిడి మీద చెయ్యి వేస్తే చాలు, వెనకనుంచి గొంతు వినిపించేది.

"ఏం కావాలి అల్లుడూ?"

"నీళ్లు."

"ఏ అర?"

"తలుపు అర."

"ఎర్ర మూత సీసానా, నీలం మూత సీసానా?"

ఈ విచారణ అయ్యేసరికి దాహం దానంతటదే తీరిపోయేది. అత్తయ్య అయితే ఆయన మీద కోపమొచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, ఆయన కళ్లలోకి చూస్తూ అక్కడే నిలబడేది. మామయ్య పళ్లు బిగబట్టి, చెమటలు కక్కుతూ భరించేవాడు. చివరికి, "తప్పు నాదే, ముందు అది మూసెయ్యవే" అని లొంగిపోయేవాడు. ఆ ఇంట్లో గిన్నెలు విసురుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

వాళ్ల మధ్య తెగని పేచీ ఒకటుండేది. అది స్టీలు డబ్బాల పేచీ. మామయ్య పొద్దున్నే ఆఫీసుకి రెండు మూడు డబ్బాల కూర ఎక్కువ పట్టుకుపోయేవాడు. నీ వంటకి ఆఫీసంతా పడిచస్తోందని చెప్పేవాడు. మొదట్లో అత్తయ్య మురిసిపోయి ఇంకో గరిటె వేసేది. కానీ వెళ్లిన డబ్బాలు తిరిగొచ్చేవి కావు. పరదాలు కుట్టగా మిగిలిన గుడ్డ పేలికలు ఆనవాలుగా కట్టి పంపించి చూసింది. పేలికలతో సహా పోయేవి.

"తిన్నవాళ్లకి డబ్బా కడిగివ్వాలన్న ఇంగితం ఉండదా? అది కరెంటాఫీసా, కరువు శిబిరమా?" అనేది. మామయ్య బల్బులు తుడుచుకునేవాడు. దుమ్ము పట్టిన బల్బు సగం వెలుతురు తనే తినేస్తుందని ఆయన సిద్ధాంతం.

పరదాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అత్తయ్య ముందుగదిలో మోటారు మిషన్ మీద కుట్టుపని చేసేది. ఏడాదికంతటికీ పెద్ద పని బడిపిల్లల యూనిఫారాలు. అవి సరిగ్గా ఎండాకాలంలో వచ్చేవి. సరిగ్గా ఎండాకాలం మధ్యాహ్నాలే కరెంటు పోయేది. కాలితో తొక్కుదామంటే మోకాలు ఒప్పుకునేది కాదు. రెండేళ్లు వరసగా ఆలస్యమయ్యేసరికి బడివాళ్లు తేల్చి చెప్పేశారు, ఈసారి గడువు దాటితే ఆర్డరు ఇంకొకరికిచ్చేస్తామని. ఆ పని పోతే అత్తయ్యకి మిగిలేది చిరుగులకి అతుకులేయడం. పైకి ఏమీ అనేది కాదు గానీ, మిషన్‌కి నూనె వేసేటప్పుడు దాన్ని చూసే చూపు మారింది.

సరిగ్గా అప్పుడు కంపెనీ ఒక పథకం తెచ్చింది. గోడకి గోడ ఆనుకుని కట్టిన ఇళ్ల వరస మాది. మేడ మీద కప్పు ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటే. అలాంటి వరసలో ఇళ్లన్నీ కలిసొస్తే కప్పు పొడుగునా సోలార్ ప్యానెళ్లు పరిచి, ఇంటింటికీ బ్యాటరీ పెట్టిస్తారు. ఊరంతటికీ కరెంటు పోయినా ఆ వరసకి పోదు. షరతు ఒకటే. ముందు ప్రతి ఇంట్లోనూ కరెంటు వృథా ఆపాలి. చిల్లికుండలో నీళ్లు పోయడం దేనికని వాళ్ల వాదన. బల్బులు మార్చి, ఫ్రిజ్ పరీక్షించి, ఇల్లు సరిగ్గా ఉందని పొదుపు విభాగం చెప్పాలి. ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. ఒక్క ఇల్లు తప్పినా వరస తప్పినట్టే. ఎండాకాలం లోపు ఒక్క వరసకే పెడతారు, ఎవరు ముందు పూర్తిచేస్తే వాళ్లకి. వెనక వీధి వరసవాళ్లు అప్పటికే చొక్కా చేతులు మడిచి దిగారు. వాళ్ల ఇళ్లు చూడటానికి కంపెనీ ఇంకొకర్ని పంపింది.

మామయ్యకి పండగే. అధికారికంగా ప్రతి ఫ్రిజ్ మీదా చెయ్యి వేసే హక్కు వచ్చింది. ఇంటికొక పూట చొప్పున మా వరసంతా చుట్టేశాడు. అందరూ సంతకాలు పెట్టేశారు. మిగిలింది చివరి ఇల్లు, టైపు మాస్టారిది.

ఊళ్లో టైపు నేర్చుకున్న ప్రతివాడి వేళ్ల మీదా ఆయన బెత్తం గుర్తు ఉండేది. ముందుగదిలో ఒకప్పుడు మిషన్లు వానపడ్డట్టు మోగేవి. కంప్యూటర్లొచ్చి ఆ వాన వెలిసింది. తర్వాత ఆయన భార్య పోయింది. మాస్టారు మిషన్ల మీద గుడ్డలు కప్పి, తలుపు వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కిటికీలో కూర్చుని పేపరు చదివేవాడు. ఎవరన్నా ఏమన్నా కావాలా అనడిగితే, "నాకేం లోటు?" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఇంక ఎవరూ అడగడం మానేశారు. ఆయనకి పొగరని తీర్మానించుకున్నాం. అలా తీర్మానించుకుంటే మనకి పని తగ్గుతుంది.

మామయ్య ఆ ఇంట్లోకి ఎలాగో దూరాడు. బయటికొచ్చాక కేసు కష్టంగా ఉందనీ, మళ్లీ చూడాలనీ అన్నాడు. మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఎప్పుడడిగినా ఒకటే మాట, ఇంకా రీడింగు సరిగ్గా రాలేదని. వెనక వీధివాళ్లు దారికాచి, మీ నాడీ వైద్యుడు రోగిని ఐసీయూలో పెట్టాడా అని పరామర్శించడం మొదలెట్టారు.

ఇంట్లో అత్తయ్య ఓపిక పట్టింది. పట్టి పట్టి ఒకరోజు కత్తెర బల్ల మీద పెట్టింది.

"వరసందరికీ ఒక్కో పూట పట్టింది. మాస్టారి ఫ్రిజ్‌కి పురుడు పోస్తున్నారా?"

"అది పాత రకం. తొందరపడితే చెడుతుంది."

"తొందరపడకపోతే నా ఆర్డరు చెడుతుంది. ఊళ్లోవాళ్ల ఫ్రిజ్‌ల మీదున్న ప్రేమలో చారెడు నా మిషన్ మీద చూపిస్తే చాలు. నేనింకేమీ అడగను."

ఆ రోజు మామయ్య బల్బులు కూడా తుడవలేదు. మర్నాడు పొద్దున్న యథాప్రకారం డబ్బాలు తీసుకుని, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

ఇంతలో వెనక వీధి వరసలో ఒక్క ఇల్లే మిగిలిందని కబురొచ్చింది. ఆ ఇంటాయన ఊరినుంచి సాయంత్రం దిగుతాడట, దిగగానే సంతకమట. అదే రోజు పథకం చూసే ఇంజినీరమ్మ మా ఆలస్యమేమిటో తేల్చడానికి స్వయంగా వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. టైపు మాస్టారి ఇంటికి పదండంది. వెనక మామయ్య, ఆయన వెనక మెడలో కొలతల టేపుతో అత్తయ్య, ఆవిడ వెనక నేను.

మాస్టారు తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. ఇంజినీరమ్మ నేరుగా వెళ్లి ఫ్రిజ్ తెరిచింది.

లోపల సందు లేదు. కింది అరనుంచి పై అరదాకా స్టీలు డబ్బాలు. ప్రతి డబ్బాకీ ఒక పరదా పేలిక. పాలు, గుడ్లు, పళ్లు వాటి సందుల్లో ఒదిగి కూర్చున్నాయి. తలుపు అరలో మాత్రం సిరా ఆరిపోకుండా దాచుకున్న టైపు రిబ్బన్లు.

అత్తయ్య ఒక్కొక్క పేలికనీ చూసింది. తర్వాత మామయ్యని చూసింది. ఆయన పైకప్పుకేసి చూస్తున్నాడు.

ఈ ఫ్రిజ్‌కేం జబ్బని ఇన్నాళ్లు పట్టిందని ఇంజినీరమ్మ అడిగింది. మామయ్య గొంతు సవరించుకుని ఖాళీ ఫ్రిజ్‌కీ నిండు ఫ్రిజ్‌కీ తేడా మొదలుపెట్టాడు. ఖాళీగా ఉంటే తలుపు తీసినప్పుడల్లా చలువంతా జారిపోతుందనీ, నిండుగా ఉంటే నిలుస్తుందనీ, ఎంత నిలుస్తుందో చూడాలంటే... అక్కడ ఆగిపోయాడు. ఆయన శాస్త్రం ఎప్పుడూ అలా మధ్యలో ఆగలేదు.

"ఆ అబ్బాయిని అడక్కండమ్మా" అన్నాడు మాస్టారు. "మొదటిరోజు వచ్చినప్పుడు ఇందులో రిబ్బన్లు తప్ప ఏమీ లేవు. ఖాళీ ఫ్రిజ్ కరెంటు తాగేస్తుందన్నాడు. పరీక్ష కోసమని మూడు డబ్బాలు పెట్టి వెళ్లాడు. మర్నాడు వచ్చి మూతలు తీసి చూశాడు. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇవి రోజూ తగ్గుతూ ఉంటేగానీ రీడింగు సరిగ్గా రాదన్నాడు. సరేనని తిన్నాను."

"మీరు నమ్మారా?"

"ఆ మిషన్ల ముందు జీవితం గడిచిందమ్మా. తప్పు అక్షరం కొట్టినవాడి మొహం చూస్తే చాలు, కాగితం చూడక్కర్లేదు."

"మరి సంతకం ఎందుకు పెట్టలేదు?"

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "పెట్టేస్తే రేపట్నించి రాడుగా."

కంప్రెసరు ఒక్కటే తన గొడవ తను చెప్పుకుంటోంది. ఇన్నాళ్లూ కరెంటాఫీసులో ప్రతి గుమాస్తానీ తిండిపోతని తిట్టిన అత్తయ్య ఒక్క అడుగు ముందుకేసింది. ఏమంటుందోనని మామయ్య గోడకి అంటుకుపోయాడు.

"మాస్టారూ, ఉప్పు ఎలా ఉంటోంది?"

మాస్టారు నిజమే చెప్పాడు. "కొంచెం ఎక్కువేనమ్మాయ్."

"ఆ మాట ఈయన ఒక్కనాడూ చెప్పలేదు. రేపట్నించి తగ్గిస్తాను. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా డబ్బా వస్తుంది. పెడితే మాత్రం నా మిషన్ ఆగదు."

మాస్టారు కలం తీశాడు. ఇంజినీరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కథ బాగానే ఉంది గానీ ఇంతకీ ఫ్రిజ్ పరీక్ష అయిందా అంది. మామయ్య అయిందనబోయి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆవిడ కాగితం ముక్క తలుపు సందులో పెట్టి లాగింది. అది నీళ్లలోంచి చేప జారినట్టు జారి కింద పడింది.

ఊళ్లో కనపడ్డ ప్రతి ఫ్రిజ్‌కీ నాడి చూసినవాడు, శవం లేచిన ఇంట్లో కూడా చూసినవాడు, వారాల తరబడి రోజూ తెరిచి మూసిన ఫ్రిజ్‌ని పరీక్షించడం మర్చిపోయాడు. డబ్బాలే చూశాడు. మూత తీసి ఎంత తిన్నారో చూసుకుని, సంబరంగా వెళ్లిపోయాడు.

కొత్త రబ్బరు కావాలంటే రెండు రోజులు పడుతుంది. వెనక వీధాయన సాయంత్రానికి బస్సు దిగుతాడు. రూలు రూలేనంది ఇంజినీరమ్మ. మామయ్య వంటింటి గడప మీద కూలబడ్డాడు. ఆయన మొహంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు. పెళ్లాం అడిగిన ఒకే ఒక్క కోరిక, తన సొంత విద్యలో, తన చేతి మీదుగా చెడింది.

అత్తయ్య వంగి ఆ రబ్బరుని వేళ్లతో నొక్కి చూసింది, గుడ్డ నేత చూసినట్టు.

"ఇది చిరగలేదు. మడతపడి బిగుసుకుపోయింది. కాలరు మడతపడితే ఏం చేస్తాం?"

ఇంటికెళ్లి ఇస్త్రీపెట్టె, తడిగుడ్డలు తెచ్చింది. గుడ్డ వేడి చేయడం, రబ్బరు మీద అద్దడం, సాగదీసి సరిచేయడం. మామయ్య లేచి తలుపు పట్టుకున్నాడు. మాస్టారు డబ్బాలన్నీ తీసి బల్ల మీద వరసగా పేర్చి, పాలు మాత్రం తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంజినీరమ్మ కాసేపు గడియారం చూసుకుంది. తర్వాత బ్యాగు కింద పెట్టి తనూ ఒక మూల పట్టుకుంది. నాలుగు పక్కలా అయ్యాక తలుపు మూసి కాగితం పెట్టారు. ఆవిడ లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. చిరిగి సగం చేతికొచ్చింది.

మాస్టారు సంతకం పెట్టాడు. టైపు కొట్టినంత శుభ్రంగా ఉంది. వెనక వీధాయన బస్సు అప్పటికింకా ఊరి పొలిమేర తాకలేదు.

ఆ తర్వాత డబ్బాలు ఒక్కొక్కటే ఇల్లు చేరడం మొదలైంది. కబురు ఎలా పాకిందో తెలియదు. బస్సు డిపో వెనక ఒంటరిగా ఉండే నర్సమ్మ ఒకటి తెచ్చిచ్చింది. చెయ్యి విరిగి ఇంట్లో పడున్న పెయింటరు భార్య రెండు తెచ్చింది. తన ఫ్రిజ్ ఇప్పుడు ఎంత తక్కువ కరెంటు తాగుతోందో అత్తయ్యకి విడమర్చి చెప్పింది. ఆవిడ నిజంగానే నమ్మింది. అత్తయ్య కూడా శ్రద్ధగా విని తలూపింది. ఫ్రిజ్ తలుపు తీస్తే ఇంటివాళ్ల సంగతి ఇంటివాళ్లని అడక్కుండానే తెలిసిపోతుందని మామయ్య ఎప్పుడు కనిపెట్టాడో నాకు తెలియదు. అడిగితే కంప్రెసర్ల గురించి చెప్పేవాడు.

ఎండలు ముదిరేలోపు ప్యానెళ్లు ఎక్కాయి. మొదటిసారి కరెంటు పోయిన మధ్యాహ్నం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఊరంతా ఒక్కసారి మూగబోయింది. వెనక వీధివాళ్లు గుమ్మాల్లోకొచ్చి పేపర్లతో విసురుకుంటున్నారు. మా ముందుగదిలో మిషన్ ఆగలేదు. యూనిఫారాల కుప్పకీ గోడకీ మధ్య కుర్చీ వేసుకుని టైపు మాస్టారు కంచంతో కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఆడుతున్నాయి.

"వేగం బాగుందమ్మాయ్. తాళం తప్పుతోంది."

"తినేటప్పుడు మాట్లాడకూడదు మాస్టారూ" అంది అత్తయ్య.

మామయ్య మేడ మెట్లు దిగివచ్చాడు, కుడి అరచెయ్యి ఊదుకుంటూ. ఎండకి పెనంలా కాగిన ప్యానెల్ మీద, అలవాటు కొద్దీ, చెయ్యి ఆనించాడట.

"ఎలా ఉందోయ్ నాడి?" అన్నాడు మాస్టారు.

"నిక్షేపంలా ఉంది మాస్టారూ" అన్నాడు మామయ్య, చెయ్యి నీళ్ల బక్కెట్లో ముంచి, కళ్లనీళ్లతో నవ్వుతూ.

అత్తయ్య తల ఎత్తలేదు, మిషన్ ఆపలేదు. "కలిపి తినిపించడానికి నాకు తీరిక లేదు. చెంచా గూట్లో ఉంది" అంది.